శెనక్కాయ పాఠం బయటికి పోయిన సంగతి

పుత్తూరు
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన అప్పకు,

నీ చెల్లెలు భవాని నమస్కారాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. నేను ఇక్కడ కులాసాగా ఉన్నాను. నీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? బావకు దగ్గు తగ్గిందా? అత్తయ్యగారు వేళకు తింటున్నారా? సుజాతకు కాలేజీ బస్సు వేళ మార్చారన్నావు, ఇప్పుడు ఇబ్బంది లేకుండా వెళ్తోందా? అన్నీ రాయి. నా గురించి మాత్రం బెంగ పెట్టుకోకు. తింటున్నాను, నిద్రపోతున్నాను, కాస్త ఒళ్ళు కూడా చేశాను.

ఫోన్లో రెండు మాటలు చెప్పి పెట్టేస్తున్నానని నీకు కోపంగా ఉందని తెలుసు. నువ్వు ఫోను ఎత్తగానే స్పీకరులో పెడతావు. నేను ఇక్కడ గుసగుసగా చెప్పింది అక్కడ వీధిలో కూరగాయల బండివాడి దాకా వినిపిస్తుంది. ఈ మధ్య నాకు జరిగింది అలా చెప్పే సంగతి కాదు. అందుకే కాగితం పట్టుకుని కూర్చున్నాను.

ముందు ఇల్లు. మునెమ్మగారని ఒకావిడ మేడ మీద గది ఇచ్చింది. మొదటి రోజే నన్ను మెట్ల దగ్గర నిలబెట్టి విచారణ చేసింది.

"మొగుడు యాడుండాడు?"

"పెళ్ళి కాలేదండి."

"మరి ఇంత దూరం ఒక్కదానివే యాల వచ్చినావు? మీ పక్క పని దొరకలేదా?"

మా ప్రైవేటు బడి మూసేశారనీ, టీచర్లకు శిక్షణ ఇచ్చే సంస్థలో ఉద్యోగం దొరికి వచ్చాననీ చెప్పాను. ఆవిడ నమ్మినట్టు తల ఊపి, నా సంచిలోంచి బయటికి వేలాడుతున్న వైర్లను చూసింది. ఆ తరువాత చాలా రోజులు నేను ఏ బస్సు ఎక్కుతున్నానో, ఎప్పుడు తిరిగొస్తున్నానో గుమ్మంలో కూర్చుని చూసేది. మొన్న 'మా అప్పకు ఉత్తరం రాసుకుంటాను' అంటే, "మీ నాయనకా? ఆయన లేడంటివే!" అని ఉలిక్కిపడింది. అరవం కలిసిన ఊరు కదా, వీళ్ళకు అప్ప అంటే తండ్రి. మన వైపు అక్కను అలా పిలుస్తామంటే, నేను అబద్ధమాడుతున్నానేమో అన్నట్టు నా మొహంలోకి చూసింది. అయినా మనిషి మంచిదే. రాగి సంగటి చేసిన రోజున ఇంత ముద్ద, పక్కన ఊరిబిండి పెట్టి పైకి పంపుతుంది. ఊరిబిండి అంటే వేయించిన శెనక్కాయల పచ్చడి. మన వేరుశనగను వీళ్ళు శెనక్కాయ అంటారు. కారం మాత్రం నషాళానికి అంటుతుంది. అన్నంలో నెయ్యి వేసుకుని నెట్టుకొస్తున్నాను.

ఎండ మన దగ్గరలా చెమట పట్టించే ఎండ కాదు, చర్మాన్ని వేయించే ఎండ. సాయంత్రం కొండల వైపు నుంచి గాలి తిరిగితే ప్రాణం లేచొస్తుంది. అప్పుడే మీరంతా గుర్తొస్తారు. ఆడికృత్తిక పండుగకు తిరుత్తణి గుడికి కావళ్ళు మోసుకెళ్ళే వాళ్ళతో బస్సులు నిండిపోయాయి. పసుపు బట్టల మధ్య నిలబడి వెళ్తూ, ఇంతమందిలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరే అనుకున్నాను. ఇది చదివి ఏడవకు. ఆ ఒక్క పూటే అలా అనిపించింది.

ఇక పని. కార్వేటినగరం చుట్టుపక్కల చిన్న బడులు నాకు ఇచ్చారు. ఏ బడిలోనూ ఇద్దరు ముగ్గురికి మించి టీచర్లు లేరు. ఒక్కో టీచరు రెండేసి తరగతులను ఒకే గదిలో పెట్టుకుని చెప్పుకొస్తుంది. ఖరీదైన సామాను ఏమీ లేకుండా, చేతిలో ఉన్న ఫోనుతోనే పాఠం బాగా చెప్పడం ఎలాగో నేర్పడం నా పని. వడ్రంగితో చేయించిన చెక్క స్టాండు ఒకటి, కేబులు ఒకటి, అంతే. ఫోను కెమెరాను కిందికి తిప్పి ఒక ఆకు పెడితే, బడిలో ఉన్న టీవీ మీద ఆ ఆకు ఈనెలన్నీ చేటంత కనిపిస్తాయి. రెండో పని, టీచరు తన పాఠాన్ని తన ఫోనులోనే కాసేపు తీసుకుని, తరువాత ఒంటరిగా కూర్చుని చూసుకోవడం. మన మొహం మనకు కనబడనట్టే మన పాఠం కూడా మనకు కనబడదు కదా. చూసుకున్నాక ఆ వీడియోను తన చేత్తోనే తీసేయాలి. నేను చూడను, మా ఆఫీసూ చూడదు. అదీ నియమం.

చెప్పడానికి ఎంత తేలిగ్గా ఉందో చూడు. మొదటి శిక్షణ రోజున టీచర్లందరినీ కార్వేటినగరంలో ఒక బడి గదిలో కూర్చోబెట్టారు. నేను ఫోనును స్టాండు మీద పెట్టగానే గదిలో మాటలు ఆగిపోయాయి. ముందు వరుసలోంచి ఒకావిడ లేచి వచ్చి, తన చేతిరుమాలు కెమెరా మీద కప్పి, మళ్ళీ వెళ్ళి కూర్చుంది. ఆవిడ దేవకి టీచరు. రిటైరు కావడానికి దగ్గర్లో ఉన్న మనిషి. అక్కడందరూ ఆవిడ మాట వింటారు.

"ఇంగ సెప్పుమ్మా, ఏం సెప్పల్లనుకున్నావో," అంది.

నేను చెప్పాను. చివరి దాకా విని అడిగింది.

"మరుగుదొడ్డి కడిగితే ఫోటో. గుడ్లు ఉడికితే ఫోటో. పొద్దన బళ్ళోకి వస్తానే మా మొగం ఫోటో. ఇంగ పాఠం గూడానా? ఇది యాడికి పోతాది? ఎవురు సూస్తారు?"

"ఎక్కడికీ పోదండి. మీ ఫోనులోనే ఉంటుంది."

"అట్లనే అంటారు," అని ముఖం తిప్పుకుంది.

తరువాత తెలిసింది. ఒకసారి ఆవిడ కాలు బెణికి, పుత్తూరు కట్టు కట్టించుకుని కూడా బడికి వచ్చిందట. నొప్పికి తట్టుకోలేక కట్టుకాలు బెంచీ మీద పెట్టుకుని పాఠం చెప్తుంటే, ఎవరో ఫోటో తీసి పైకి పంపారు. కాలు మీద కాలేసుకుని కూర్చుందని ఆవిడ చేత సంజాయిషీ రాయించుకున్నారు. ఆ ఫోటో తీసింది ఎవరో ఇప్పటికీ తెలియదు. ఇక ఆవిడ రుమాలు కప్పిందంటే తప్పేముంది? అయినా అప్పుడు నాకు ఇదంతా తెలియక, ఈవిడ నా పని సాగనివ్వదని మనసులో ముద్ర వేసుకున్నాను.

ముందుకొచ్చింది ఒక్కతే. ముప్పై ఏళ్ళుంటాయి, మూడు నాలుగు తరగతులు చెబుతుంది. ఆమె అసలు పేరు నీకు కూడా రాయను. సువార్త అనుకో. ఎందుకు మార్చానో చదివితే నీకే తెలుస్తుంది.

మొదటి వీడియో చూసుకుని సువార్త చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక నవ్వుతోందో ఏడుస్తోందో అర్థం కాలేదు. "నేను అడిగి నేనే సెప్పేస్తా ఉండానక్కా. పిల్లోళ్ళు నోరు తెరిసే లోపల నేనే తెరుస్తా ఉండా," అంది. ఆ వీడియో వెంటనే తీసేసింది. ఆ రోజు నుంచి ప్రశ్న అడిగి, పెదాలు బిగబట్టి నిలబడడం నేర్చుకుంది. దానికి ఎంత కష్టపడిందో నేను చూశాను.

కొన్నాళ్ళకు శెనక్కాయ పాఠం చెప్పింది. బోరు కింద ముందే వేసిన చేలోంచి ఒక మొక్కను మట్టితో సహా పెరుక్కొచ్చింది. "కాయ యాణ్ణించి వస్తాది?" అని అడిగితే పిల్లలంతా "వేర్లోంచి" అన్నారు. అందరూ రోజూ చేలో తిరిగే పిల్లలే. ఆమె ఏమీ అనకుండా మొక్కను స్టాండు మీదున్న నా ఫోను కింద పెట్టింది. టీవీ మీద పువ్వు, ఆ పువ్వు రాలిన చోట నుంచి కిందికి దిగుతున్న ఊడ, దాని కొసన ఉబ్బుతున్న చిన్న కాయ పెద్దగా కనిపించాయి. ఒక పిల్ల ఉన్నట్టుండి లేచి, "టీచర్, కాయ పువ్వులోంచి దిగతా ఉండాది!" అని అరిచింది. సువార్త చప్పట్లు కొట్టి, "సూడండి, సూడండి! ఇంగా ఎవురు సెప్తారు? సెప్పండి!" అని తానూ ఒక పిల్లలా గెంతింది. అదంతా రెండో ఫోనులో, అంటే ఆమె సొంత ఫోనులో పడింది.

చూసుకున్నాక, "దీన్ని ఉంచుకోవచ్చా అక్కా?" అని అడిగింది.

"నీ ఫోను, నీ ఇష్టం," అన్నాను. ఆ రోజు ఆమె తన పాఠాన్ని పెద్దగా చూసుకుంటానంటే, కేబులు ఆమె ఫోనుకు సరిపోక, నా లాప్‌టాప్ లోకి ఆ వీడియోను ఎక్కించి టీవీలో పెట్టి ఇచ్చాను. ఈ ముక్క గుర్తుపెట్టుకో.

తరువాతి వారం దేవకి టీచరు బడికి వెళ్ళాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి తన ఫోను నా ముఖం ముందు పెట్టింది. టీచర్ల వాట్సాప్ గుంపులో సువార్త వీడియో. ముందూ వెనకా కోసేసి, చప్పట్లు కొట్టి గెంతే ముక్క ఒక్కటే ఉంచారు. దాని మీద ఎవరో అక్షరాలు పెట్టారు: 'సదువు సెప్పే టీచరమ్మ'. 'చ' అనడం రానిది చదువేం చెబుతుందని వెక్కిరింపు. కింద వరసగా నవ్వే బొమ్మలు. నవ్విన వాళ్ళలో సగం మంది ఇంట్లో 'సూడు, సెప్పు' అనేవాళ్ళే.

"యాడికీ పోదంటివే," అంది దేవకి టీచరు. కోపంగా కూడా అనలేదు. తను అనుకున్నదే జరిగినట్టు, అలసిపోయినట్టు అంది. నన్ను లోపలికి రమ్మనలేదు.

అప్పా, ఆ వారం నేను అనుమానించని మనిషి లేదు. బస్సులో కలిసే టీచర్లు నేను ఎక్కగానే కిటికీల వైపు తిరిగేవాళ్ళు. వాళ్ళకు నా మీద అనుమానం, నాకు వాళ్ళందరి మీదా అనుమానం. మొదట దేవకి టీచరే అనుకున్నాను. ఈ శిక్షణ ఆగిపోవాలని కోరుకునేది ఆవిడే కదా, సువార్త ఫోను ఎప్పుడో చేతికి దొరికి ఉంటుంది అని. మునెమ్మగారు నా గది ఊడ్పిస్తానని తాళం అడిగింది గుర్తొచ్చి, ఆవిడ ఇంటికి వచ్చిపోయే వాళ్ళెవరైనా నా లాప్‌టాప్ తెరిచారేమో అనుకున్నాను. తిరుపతిలో మా కోఆర్డినేటరు ప్రసాదు, విరాళాలిచ్చే వాళ్ళకు చూపించడానికి ఒక మంచి పాఠం వీడియో పంపమని చాలాసార్లు అడిగాడు, నేను ఇవ్వనన్నాను. అతనే ఎలాగో తీసుకుని ఉంటాడనుకున్నాను. చివరికి నన్ను నేనే అనుమానించుకున్నాను. లాప్‌టాప్‌లో ఆ వీడియో ఉండిపోయిందా? ఆఫీసు ఫైళ్ళతో పాటు దానంతట అదే వెళ్ళిపోయిందా? తీసేశానని గుర్తు, కానీ తీసేశానా?

ఉండలేక తిరుపతి వెళ్ళాను. ఆఫీసులో కంప్యూటర్లన్నీ వెతికించాను. ఎక్కడా లేదు. ప్రసాదును నేరుగా అడిగేశాను.

అతని ముఖం ఎర్రబడింది. "భవాని గారూ, నన్నే అనుమానిస్తా ఉండారా? మీ చేతిలోంచి పోలేదని మీకే నమ్మకం లేదు కదా!" అన్నాడు. తరువాత కాస్త తగ్గి, "శనివారం టీచర్లందరినీ కూర్చోబెడతా ఉండాను. మీరు వద్దని వాళ్ళంటే నేను చేసేదేమీ ఉండదు. ఈ పని ఇంతటితో ఆపేస్తాం," అన్నాడు.

తిరుగు బస్సులో ఇక మూట సర్దుకోవలసిందేనని అనుకున్నాను. నీ దగ్గరికి వచ్చేస్తే ఏమవుతుంది అని కూడా అనుకున్నాను. కానీ దొంగ అనిపించుకుని రావడానికి మనసు ఒప్పలేదు.

శుక్రవారం సాయంత్రం బడి వదిలాక సువార్త నా గదికి వచ్చింది. అన్నాళ్ళూ నా ఫోను ఎత్తని మనిషి. మునెమ్మగారు కింద నుంచి "ఎవురుమే అది?" అని కేకేస్తే జవాబు కూడా చెప్పకుండా మెట్లెక్కింది. తలుపు దగ్గరికి వేసి, నేల మీదే కూర్చుంది.

"నేనే అక్కా," అంది.

నాకు అర్థం కాలేదు.

"మాయమ్మకు పంపినా. మాయమ్మ సదువుకోలే. చిన్నప్పుడు నన్ను బడి వాకిట్లో ఇడిసిపెట్టి కూలికి పోయేది. ఒక దినం గూడా లోపలికి వచ్చింది లేదు. నువ్వు పాఠం సెప్తే ఎట్ల ఉంటాదో ఒక్కసారి సూడల్ల అని ఎన్నిసార్లు అడిగిందో. నేను బాగా సెప్పినానని నాకే అనిపించింది ఆ దినం ఒక్కటే. అందుకని పంపినా."

ఆ తల్లి మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పనికి వెళ్తుంది. మధ్యాహ్నం అన్నాల దగ్గర షెడ్డులో ఆడవాళ్ళందరికీ ఫోను చూపించింది. నా కూతురు, నా కూతురు అని. వాళ్ళూ మురిసిపోయి, మాకూ పంపమంటే ఫోనే చేతికిచ్చింది. అక్కడి నుంచి ఏ ఇంటికి, ఎవరి ఫోనుకు పోయిందో, ఎవరు కోసి వెక్కిరింపు రాశారో తెలియదు. మొత్తానికి తిరిగి తిరిగి టీచర్ల గుంపులోకే వచ్చి పడింది.

"ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"మొన్న ఆదివారం. అమ్మే సంబరంగా సెప్పింది, అందురూ సూసినారు అని." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయమ్మకు ఈ ఎక్కిరింపు సంగతి తెలియదక్కా. ఇంగా ఆ వీడియో సూసుకుంటానే ఉండాది. తెలిస్తే సూసేది మానేస్తాది. తనవల్లే ఇట్లయిందని కుమిలిపోతాది. అందుకే నోరు తెరవలే. నిన్ను అందురూ అంటా ఉంటే యినుకుంటా ఉన్నా. నువ్వు సెప్పమంటే రేపు మీటింగులో సెప్పేస్తా."

నిజం రాస్తున్నాను అప్పా. మొదట కోపం వచ్చింది. కానీ ఆ షెడ్డులో మామిడి జీడి అంటిన చేతులతో ఫోను పట్టుకుని చూసుకుంటున్న మనిషి కళ్ళకు కట్టింది. ఆమె చేసిన నేరం ఏముంది? రేపు గుంపులో ఒక్క మాట పడితే సాయంత్రానికి ఆ తల్లి చెవిన పడుతుంది. ఈ ఊళ్ళ మధ్య దాగేది ఏదీ లేదు.

"వద్దు. నువ్వు మాట్లాడకు," అన్నాను.

శనివారం కార్వేటినగరంలో అదే గది. ప్రసాదు తిరుపతి నుంచి వచ్చాడు. నేను ముందు నిలబడ్డాను. అడిగింది దేవకి టీచరే.

"ఆ వీడియో నీ కాణ్ణించి పోయిందా?"

"లేదండి."

"మీ ఆపీసు కాణ్ణించా?"

"లేదు. వెతికించాను."

"మరి ఎట్ల పోయింది? ఎవురు పంపినారు? తెలుసా నీకు?"

తెలియదు అని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేదేమో. నోరు రాలేదు. "తెలుసు. కావాలని చెడుగా చేసిన పని కాదు. ఎవరో చెప్పను," అన్నాను.

గది భగ్గుమంది. వెనక నుంచి ఇంకో బడిలో చెప్పే చెంగల్రాయులు సారు లేచారు. "తెలిసీ సెప్పకపోతే ఆయమ్మే దొంగ కదప్పా! ఇంకా ఈ మాటలెందుకు?" అన్నారు. ప్రసాదు నా పక్కకు జరిగి, "చెప్పేయండి భవాని గారూ, లేకపోతే మిమ్మల్ని నేను కాపాడలేను," అని మెల్లగా అన్నాడు. మూల బెంచీలో సువార్త సగం లేచింది. వద్దన్నట్టు చూశాను. కూలబడినట్టు కూర్చుంది. నేను మళ్ళీ ఎదరకు చూసేసరికి దేవకి టీచరు నన్నే చూస్తోంది. తరువాత ఆ మూల బెంచీ వైపు చూసింది. ఏదో అర్థమైపోయిందని నాకు భయం వేసింది.

"గమ్మునుండండప్పా అందురూ," అంది ఆవిడ. గది సర్దుకునే దాకా ఆగింది. "నేను ఈయమ్మను నమ్మింది లేదు. ఈపొద్దు గూడా సగమే నమ్మతా. అయితే ఒకటి కళ్ళారా సూస్తా ఉండా. పేరు సెప్తే ఈయమ్మ బయటపడతాది. ఉద్యోగం నిలబడతాది. సెప్పడం లేదు. ఆ పేరు ఎవురిదైనా గానీ, మన టీచర్లదే అయి ఉంటాది. రేపు నా పేరు ఈయమ్మ చేతిలో పడినా అట్లే దాస్తాది కదా. నాకది సాలు."

ఆవిడ చెంగల్రాయులు సారు వైపు తిరిగింది. "ఆ ఎక్కిరింపు కింద నవ్విన బొమ్మల్లో మీదీ ఉండాది సారూ. ఆ పిల్ల సూడండి అన్నింది. మీరు మీ బళ్ళో ఏమంటారు? నేనేమంటా? ఆ పిల్ల పాఠం సెప్పి అంత సంబరపడింది. మనం సంబరపడి ఎన్నాళ్ళయింది?"

సారు కూర్చున్నారు. ఎవరెవరో అప్పటికప్పుడు గుంపులోంచి తమ నవ్వు బొమ్మలు తీసేసుకుంటున్నారని పక్కనున్నావిడ ఫోనులో చూశాను. అందరూ కాదు. ఇప్పటికీ నన్ను చూసి పక్కకు తప్పుకునే వాళ్ళున్నారు. చెంగల్రాయులు సారు తన బడికి నన్ను ఇంకా రమ్మనలేదు. ప్రసాదు మాత్రం పని సాగించమన్నాడు, వీడియోలు ఇక ఎప్పుడూ అడగనన్నాడు. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో చూడాలి. ఆ తల్లికి మాత్రం ఏమీ తెలియలేదు. మామిడి కాలం అయిపోయి ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటోందట.

మీటింగు నుంచి బయటికి వస్తుంటే దేవకి టీచరు నన్ను ఆపింది. "సోమవారం మా బడికి రా. ఫోను నాది. నొక్కేది నేను. నువ్వు వాకిలి బయట నిలబడల్ల," అంది.

వెళ్ళాను. బయటే నిలబడ్డాను. లోపల ఆవిడ లెక్కలు చెబుతోంది. గొంతు గట్టిది, వరండా అంతా వినిపిస్తుంది. ప్రశ్న వెనక ప్రశ్న, జవాబు చెప్పిన వాళ్ళకు 'సెబాష్'. నాకు తప్పు పట్టడానికి ఏమీ కనబడలేదు. పిల్లలు అన్నానికి వెళ్ళాక ఆవిడ గదిలో ఒక్కతే కూర్చుని చూసుకుంది. తలుపు కూడా వేసుకుంది. పిల్లలు తిని కంచాలు కడుక్కునే వేళకు తలుపు తెరిచింది. కళ్ళద్దాలు చేతిలో ఉన్నాయి.

"ఆ గోడ పక్క కూసునే పిల్ల ఉండాది సూడు, గౌరి," అంది. "దానికేమీ రాదనుకున్నా నేను. అడగడం గూడా మానేసినా. నేను అడిగిన ప్రతిదానికీ ఆ పిల్ల పెదాలు కదలతా ఉండాయమ్మే. అన్నిటికీ జవాబు సెప్తా ఉండాది. నాకు యినపడేటట్లు సెప్పడం లేదు, అంతే."

ఆవిడ వేలు పెట్టి వీడియో తీసేసి, ఖాళీ తెర నా వైపు తిప్పింది. "పోయింది, సూడు," అంది. తరువాత వరండా చివర కంచం కడుక్కుంటున్న ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా పక్కన కూర్చుంది. ఏం అడిగిందో నాకు వినపడలేదు. ఆ పిల్ల ముందు తల అడ్డంగా ఊపింది. చాలాసేపటికి నోరు తెరిచింది.

ఇదీ జరిగింది. ఇదంతా చదివి నేనేదో కష్టాల్లో ఉన్నానని అనుకోకు. బాగానే ఉన్నాను. నిజంగా బాగానే ఉన్నాను. ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే బెల్లం ఆవకాయ చిన్న జాడీ, నా నీలం దుప్పటి పంపు. తెల్లవారుజామున కొండగాలికి చలేస్తోంది. సుజాత లెక్కల్లో వెనకబడిందన్నావు, దాన్ని తిట్టకు, నాకు రాయమను. నువ్వు మోకాళ్ళకు నూనె రాసుకోవడం మానకు. ఉత్తరం అందగానే రెండు ముక్కలు రాయి. ఫోనులో మాత్రం ఈ సంగతి ఎత్తకు.

అత్తయ్యగారికీ బావకూ నా నమస్కారాలు. వీధిలో నన్ను అడిగిన పెద్దలందరికీ నా వందనాలు చెప్పు. సుజాతకు ముద్దులు. మీ ఆశీర్వాదం నా మీద ఉంటే ఇక్కడ నిలదొక్కుకుంటాను. రేపు పొద్దున్న మళ్ళీ దేవకి టీచరు బడికి వెళ్ళాలి. ఈసారి వాకిలి లోపల నిలబడమంది.

నీ దీవెనలు కోరే చెల్లెలు,
భవాని